ఇంటి వాయిప్ ఫోన్‌కి చవకగా లోకల్ నంబర్: ఏ దారి ఎవరికి సరిపోతుంది

పోయినేడు అమ్మానాన్న ఆరు నెలలు ఉందామని టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ప్లానోలోని మా ఇంటికి వచ్చినప్పుడు మొదలైంది ఈ ల్యాండ్‌లైన్ గోల. నాన్నకి సెల్‌ఫోన్ వాడటం రాక కాదు, అది మోగినప్పుడల్లా ఏ గదిలో పెట్టానా అని వెతుక్కోవడమే ఆయనకి విసుగు. గోడ దగ్గర ఒక ఫోన్ ఉంటే మోగినప్పుడు ఎత్తుతాను, లేకపోతే లేదు అన్నారు. కేబుల్ కంపెనీ వాళ్లని అడిగితే ఇంటర్నెట్ బిల్లు మీద ఇంకో ఇరవై ముప్ఫై డాలర్లు, పైన పన్నులు అన్నారు. నెలకి పది కాల్స్ వచ్చే ఫోన్‌కి అంత పెట్టడానికి మనసొప్పలేదు, డబ్బులు ఊరికే రావు కదా.

అలా వెతికితే వాయిప్‌లో, అంటే ఇంటర్నెట్ మీదుగా నడిచే ఫోన్‌లో, నెలకి డాలర్ లోపు నంబర్లు బోలెడు కనిపించాయి. అన్నింటికన్నా చవకది చూసి కొన్నాను. అదొక చిన్న రీసెల్లర్ కంపెనీ, పేరు అనవసరం. ఎనిమిది నెలలు బాగానే నడిచింది, తర్వాత ఒకరోజు సైటు తెరుచుకోలేదు, మెయిల్‌కి జవాబు లేదు, నంబర్‌కి ఫోన్ చేస్తే ఈ నంబర్ వాడకంలో లేదన్న రికార్డింగ్. అప్పటికే ఆ నంబర్ బాబు స్కూల్ ఫారంలో ఉంది, పళ్ల డాక్టర్ దగ్గర ఉంది, గుడి రిజిస్టర్‌లో ఉంది, గుంటూరులో మా మేనత్త డైరీలో కూడా ఉంది. నెలకి ముప్ఫై సెంట్లు మిగుల్చుకోబోయి ఇంతమందికి మళ్లీ నంబర్ చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి కొనేముందు కూర్చుని లెక్క వేశాను. ఇక్కడ రాసిందంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసం. రేట్లు నేను చూసినప్పటివి, కొనేముందు మీరూ ఒకసారి సైటులో సరిచూసుకోండి.

ముందు మూడు ముక్కలుగా విడదీయండి

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఇంటి వాయిప్ ఫోన్‌లో మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి బాక్స్: మామూలు కార్డ్‌లెస్ ఫోన్ వైరు గుచ్చి ఇంటర్నెట్‌కి కలిపే ఏటీఏ అనే పెట్టె, గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 లాంటిది. రెండోది లైన్, అంటే బయటికి కాల్ చేయడానికి ఒక కంపెనీ ఇచ్చే సిప్ (ఇంటర్నెట్ కాల్స్ నడిపే పద్ధతి) అకౌంటు. మూడోది నంబర్, ఈ రంగంలో వాళ్లు డీఐడీ అంటారు, బయటివాళ్లు మనకి చేసే కాల్ వచ్చి చేరేది దాని మీదే. ఈ మూడూ ఒక్క చోటే కొనాలన్న రూలేం లేదు. నంబర్ ఒక కంపెనీలో పెట్టుకుని బయటికి చేసే కాల్స్ ఇంకో కంపెనీ మీదుగా పంపేవాళ్లున్నారు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఆస్టరిస్క్ గానీ ఫ్రీపీబీఎక్స్ గానీ (సొంత పీబీఎక్స్, అంటే ఇంటి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ లాంటి సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకైతే ఇది మంచినీళ్ల ప్రాయం.

నెలకి డాలర్ అని రాసి ఉండేది ఒట్టి నంబర్‌కే. మిగతా రెండు ముక్కల లెక్క వేరు.

దేన్ని చూసి ఎంచుకోవాలి

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది, ఆ నంబర్ రేపు మీతో వస్తుందా రాదా. అమెరికాలో నంబర్ పోర్టింగ్ హక్కు, అంటే కంపెనీ మారినా అదే నంబర్ తీసుకెళ్లే హక్కు ఉంది, కాబట్టి మామూలుగా వస్తుంది. కానీ పోర్ట్ చేయాలంటే పాత కంపెనీ బతికుండాలి, మీ అకౌంటు తెరిచి ఉండాలి, పేరు, అడ్రసు, అకౌంట్ నంబర్, పిన్ వాళ్ల రికార్డుతో సరిపోవాలి. నాలాగా మూతపడ్డాక మేలుకుంటే చేసేదేం లేదు. ఏళ్ల తరబడి నడుస్తున్న కంపెనీ అయితే నెలకి యాభై సెంట్లు ఎక్కువైనా ఇవ్వండి.

రెండోది 911, అంటే అంబులెన్స్, పోలీసుల కోసం చేసే అత్యవసర నంబర్. ఇంట్లో పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉంటే దీన్నే మొదటిదిగా పెట్టుకోండి. రెండువైపులా కాల్స్ నడిపే వాయిప్ కంపెనీలు ఈ911 (మీ అడ్రసుతో సహా 911కి కాల్ వెళ్లే ఏర్పాటు) ఇవ్వాలని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2005లోనే ఆదేశించింది. అయితే సెల్‌ఫోన్‌లో లాగా మీరెక్కడున్నారో దానంతట అది కనిపెట్టదు, మీరు అకౌంటులో ఏ అడ్రసు రాశారో అదే అక్కడివాళ్లకి కనిపిస్తుంది. ఇల్లు మారి అడ్రసు మార్చడం మర్చిపోతే అంబులెన్స్ పాత ఇంటికి వెళ్తుంది. ఒట్టి ఇన్‌కమింగ్ నంబర్ మాత్రమే కొంటే 911 ఉండకపోవచ్చు, విడిగా నెలకి డాలరున్నర దాకా కట్టి జత చేసుకోవాలి.

మూడోది మీ ఇంటి నిమిషాలు. నెలకి ఎన్ని నిమిషాలు మాట్లాడతారో ఎవరికీ కచ్చితంగా తెలియదు, అందరూ ఎక్కువే ఊహించుకుని అన్‌లిమిటెడ్ కొనేస్తారు. మా ఇంట్లో లెక్కపెడితే వచ్చే కాల్స్ నెలకి రెండొందల నిమిషాలు దాటలేదు, ఇండియా మాటలన్నీ ఎలాగూ వాట్సాప్‌లోనే నడుస్తాయి కదా.

ఏరియా కోడ్ (నంబర్‌లో మొదటి మూడు అంకెలు) గురించి మావాళ్లు అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటారు. డల్లాస్‌లో 214 పాతది, 1947 నాటిది. తర్వాత 1996లో 972, 1999లో 469, 2021లో 945 వచ్చాయి. 214 అంటే ఒక గొప్ప, దొరకడం కష్టం. 945 చూసి ఇదెక్కడి నంబరా అని కాల్ ఎత్తని పక్కింటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు, అంతే. అమెరికా లోపల కాల్స్‌కి ఇప్పుడు చాలా ప్లాన్లలో ఊరికో రేటు ఏమీ లేదు, గుంటూరు నుంచి చేసే మేనత్తకి ఏ కోడ్ అయినా అదే ఖర్చు. మీ ఊరి కోడ్‌లలో ఏది దొరికితే అది తీసుకోండి.

ఇక ఓటీపీలు. వాయిప్ నంబర్‌ని చాలా బ్యాంకులు ఒప్పుకోవు, షార్ట్‌కోడ్ (కంపెనీలు మెసేజ్‌లకి వాడే అయిదారు అంకెల నంబర్) నుంచి వచ్చే మెసేజ్‌లు చాలాసార్లు అసలు చేరవు. ఇంటి ఫోన్ నంబర్‌ని బ్యాంకు అకౌంటుకి ఇవ్వాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఒక చూపులో (ఒక్కో దారి వివరం కింద ఉంది)

| దారి | మొదట పెట్టేది | నెలకి సుమారుగా | 911 | ఎవరికి |
|---|---|---|---|---|
| గూగుల్ వాయిస్ | ఏమీ లేదు | 0 | లేదు | రెండో నంబర్ చాలనుకునేవాళ్లకి |
| సొంత బాక్స్ + నిమిషాల లెక్క నంబర్ | బాక్స్ 40–50 డాలర్లు | 4–6 డాలర్లు | ఉంది, విడిగా కట్టాలి | తక్కువ మాట్లాడే ఇళ్లకి |
| సొంత బాక్స్ + ఫ్లాట్ నంబర్ | అదే బాక్స్ | 6–8 డాలర్లు | ఉంది, విడిగా కట్టాలి | గంటల తరబడి కాల్స్ వచ్చేవాళ్లకి |
| ఊమా | పరికరం 100 డాలర్ల చుట్టూ | పన్నులే 5–8 డాలర్లు | ఉంది | సెట్టింగుల జోలికి పోనివాళ్లకి |
| ట్విలియో, టెల్నిక్స్ | సొంత సర్వర్ | డాలర్ పైన, నిమిషాలు వేరు | మీరే సెట్ చేయాలి | కోడ్ రాసేవాళ్లకి |
| ప్రీపెయిడ్ సిమ్ + బ్లూటూత్ కార్డ్‌లెస్ | పాత సెల్, కార్డ్‌లెస్ సెట్ | 5–10 డాలర్లు | మొబైల్ 911 | అద్దె ఇళ్లవాళ్లకి |

గూగుల్ వాయిస్

ఊరికే వస్తుంది, అమెరికా లోపల కాల్స్ ఉచితం, 2009 నుంచి నడుస్తోంది. తీసుకోవాలంటే చేతిలో ముందే ఒక అమెరికా నంబర్ ఉండాలి. ఇంతవరకూ బాగుంది, ఇంటి ఫోన్ అనేసరికి తంటా మొదలవుతుంది. మన ఏటీఏకి ఇవ్వడానికి గూగుల్ సిప్ అకౌంటు ఇవ్వదు. ఆస్టరిస్క్‌వాళ్లు వాడుకున్న ఎక్స్‌ఎంపీపీ అనే పాత దారిని 2018లో మూసేశారు. ఆ తర్వాత మిగిలిన దిక్కు గూగుల్ వాయిస్‌తో కలిసే ఓబీ200 అనే బాక్స్, దాన్నీ ఇప్పుడు కొత్తగా తయారు చేయట్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి, కానీ వెనక కంపెనీ మద్దతు లేని పెట్టె మీద ఇంటి ఫోన్ నిలబెట్టమని నేను ఎవరికీ చెప్పను.

పర్సనల్ అకౌంటులో 911 కలవదు, అది ఒక్కటే చాలు నాన్న గదిలో దీన్ని పెట్టకుండా ఉండటానికి. కొన్ని నెలలు వాడకపోతే గూగుల్ ఇచ్చిన నంబర్‌ని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది. దీనికి మంచి వాడకం వేరే ఉంది: పాత సెల్ నంబర్ ఏదైనా పోగొట్టుకోకుండా దాచుకోవాలంటే 20 డాలర్లు కట్టి ఇందులోకి పోర్ట్ చేసి పడేయొచ్చు. ల్యాండ్‌లైన్ నంబర్‌ని మాత్రం నేరుగా తీసుకోదు.

సొంత బాక్స్ తెచ్చుకునే కంపెనీలు

నేను ఆగింది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. మాంట్రియల్‌లో ఉండే వాయిప్.ఎంఎస్, న్యూయార్క్‌లో ఉండే కాల్‌సెంట్రిక్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. మీ బాక్స్ మీరు తెచ్చుకుంటారు, వాళ్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ పేరు ఇస్తారు, బాక్స్ పేజీలో ఆ మూడూ నింపితే డయల్ టోన్ వస్తుంది. రేపు కంపెనీ నచ్చకపోతే అదే బాక్స్‌లో ఆ మూడూ మారుస్తారు. బాక్స్ మీ సొంతం, లాక్ లేదు.

నంబర్ రెండు రకాలుగా అమ్ముతారు. నిమిషాల లెక్కది నెలకి 85 సెంట్ల దగ్గర మొదలై వచ్చే ప్రతి నిమిషానికీ సెంటు లోపు పడుతుంది. ఫ్లాట్ అయితే నాలుగు డాలర్ల పావలా దాకా, వచ్చే కాల్స్‌కి లెక్కలేదు. తేడా 3.40 డాలర్లు, నిమిషానికి 0.9 సెంటు వేసుకుంటే నెలకి సుమారు 375 నిమిషాల దగ్గర రెండూ సమానమవుతాయి. అంటే రోజుకి పన్నెండున్నర నిమిషాలు. అంతకన్నా తక్కువ వచ్చే ఇంటికి ఫ్లాట్ దండగ.

మా ఇంటి లెక్క ఇలా ఉంది: నంబర్ 0.85, ఈ911 1.50, వచ్చిన రెండొందల నిమిషాలకి 1.80, మేం చేసిన నూటయాభై నిమిషాలకి సెంటు చొప్పున 1.50. మొత్తం 5.65 డాలర్లు. చూశారుగా, నంబర్ రేటు మొత్తంలో ఆరో వంతు కూడా లేదు. నంబర్ 85 సెంట్లా 50 సెంట్లా అని కొట్టుకోవడం ఎంత పిచ్చిపనో దీన్నిబట్టే తెలుస్తుంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. వీళ్ల కంట్రోల్ పేజీ మొదటిసారి చూస్తే కళ్లు తిరుగుతాయి, ఒక గంట కూర్చునే ఓపిక కావాలి. డబ్బు ముందే వేసి ఉంచాలి, బ్యాలెన్స్ అయిపోతే ఫోన్ మూగపోతుంది. ఒక కంపెనీ మీదే ఆధారపడితే దాని కష్టం మన కష్టమే: 2021 సెప్టెంబర్‌లో వాయిప్.ఎంఎస్ మీద సర్వర్లని ముంచెత్తే పెద్ద డీడాస్ దాడి జరిగి రోజుల తరబడి కాల్స్ అస్తవ్యస్తమయ్యాయి. మన ఇంటి ఇంటర్నెట్ పోతే కాల్‌ని సెల్‌కి మళ్లించేలా పెట్టుకోవచ్చు, కంపెనీయే పడిపోతే మాత్రం ఆ మళ్లింపూ పనిచేయదు.

ఊమా

పెట్టె కొనండి, రౌటర్‌కి గుచ్చండి, ఫోన్ గుచ్చండి, అయిపోయింది. బేసిక్ ప్లాన్ ఉచితం అంటారు కానీ పన్నులూ ఫీజులూ మీ ఊరిని బట్టి నెలనెలా కట్టాలి, దాంతో అది పైన చెప్పిన నా 5.65 దగ్గరికే వస్తుంది. కొత్త నంబర్ కాకుండా మీ పాత నంబర్ తెచ్చుకోవాలంటే బేసిక్‌లో నలభై డాలర్ల దాకా అడుగుతారు. ఆ పెట్టె వేరే కంపెనీతో పనిచేయదు, అదీ అసలు తేడా. అయినా సరే, పక్క రాష్ట్రంలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లింట్లో పెట్టాలంటే నేను ఊమానే పెడతాను, ఎందుకంటే అర్ధరాత్రి ఫోన్ చేసి సిప్ రిజిస్ట్రేషన్ పోయిందిరా అని వాళ్లు చెప్పలేరు, మనమూ అక్కడికి వెళ్లి చూడలేం.

ట్విలియో, టెల్నిక్స్

నంబర్ డాలర్ పైన కొద్దిగా. ఇవి ఇంటి ఫోన్ల కోసం పుట్టినవి కావు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి ఇచ్చే ముడిసరుకు. ఆస్టరిస్క్ నడిపేవాళ్లకి ట్రంక్‌గా, అంటే బయటి లైన్‌గా, బాగుంటాయి. మెసేజ్‌లు పంపాలంటే రిజిస్ట్రేషన్ తతంగం ఉంది, మామూలు ఇంటివాడికి అది తలనొప్పి. ఐటీలో పనిచేస్తున్నాం కదా అని సరదాకి మొదలుపెట్టి ఇంట్లో ఫోన్ నెలరోజులు మోగక భార్యతో మాటలు పడ్డ మిత్రుడు నాకొకడున్నాడు.

వాయిప్ వద్దనుకుంటే

నెలకి 5–10 డాలర్ల ప్రీపెయిడ్ సిమ్ పాత సెల్‌లో వేసి, ఆ సెల్‌ని చార్జర్ మీద పెట్టి, పానసోనిక్ లింక్2సెల్ లాంటి బ్లూటూత్ కార్డ్‌లెస్ సెట్‌కి కలిపితే ఇంట్లో నాలుగు హ్యాండ్‌సెట్లూ మోగుతాయి. నంబర్ అసలైన మొబైల్ నంబర్, కాబట్టి ఓటీపీలు కూడా వస్తాయి. రౌటర్ సెట్టింగులు లేవు, ఇల్లు మారితే సెల్ జేబులో వేసుకుని వెళ్లడమే. ఇంట్లో సిగ్నల్ లేకపోతే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే. ఇంటి ఫోన్ పెట్టుకునేవాళ్లలో కొందరు సిగ్నల్ లేకే కదా పెట్టుకునేది.

మరి ఎవరికి ఏది

అమ్మానాన్న ఆరు నెలలు ఉండి వెళ్లిపోతారు, తర్వాత ఫోన్ అక్కర్లేదు అంటే నిమిషాల లెక్క నంబరే మేలు. వాళ్లు వెళ్లాక నంబర్‌ని సెల్‌కి మళ్లించి ఉంచుకుంటే నెలకి డాలర్‌కి కాస్త అటూఇటూ ఖర్చు, మళ్లీ వచ్చినప్పుడు అదే నంబర్. పిల్లాడికి ఇంకా సెల్ కొనలేదు, స్కూల్ నుంచి వచ్చి ఇంట్లో ఒక్కడే గంట ఉంటాడు అంటే 911 గట్టిగా పనిచేసేదే కావాలి, ఊమా గానీ ఈ911 కట్టిన సొంత బాక్స్ గానీ. చిట్టీల పనో, చిన్న వ్యాపారమో, గుడి కమిటీ పనో ఉండి రోజంతా ఫోన్లు వచ్చేవాళ్లు ఫ్లాట్ నంబర్ తీసుకోండి. ఒట్టిగా ఫారాల్లో రాయడానికి, స్పామ్ కాల్స్‌ని అటు తోలడానికి ఒక నంబర్ చాలంటే గూగుల్ వాయిస్‌ని మించింది లేదు.

కొందరు అడుగుతుంటారు, హైదరాబాద్ 040 నంబర్ ఒకటి కొని ఇక్కడి బాక్స్‌లో మోగించుకోవచ్చా, అక్కడివాళ్లు లోకల్ కాల్ చేస్తారు కదా అని. ఇండియాలో ఇంటర్నెట్ కాల్స్‌ని మామూలు ఫోన్ నెట్‌వర్క్‌తో కలిపే హక్కు లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీలకే ఉంది, అమెరికాలో లాగా డాలర్‌కి నంబర్ అమ్మే సంత అక్కడ లేదు. బంధువుల ఇంట్లో సిమ్ గేట్‌వే (సిమ్ మీద కాల్స్‌ని ఇంటర్నెట్‌తో కలిపే పెట్టె) పెట్టించి కాల్స్ మళ్లించడం అక్కడ కేసులదాకా పోయే వ్యవహారం. వాట్సాప్ ఉండగా దానికోసం తిప్పలు పడకండి.

కొన్నాక మొదటి వారం

కొత్త నంబర్‌ని వెంటనే ఎవరికీ ఇవ్వకండి. మనకి వచ్చేది చాలాసార్లు ఇంకొకరు వదిలేసిన నంబరే. నా రెండో నంబర్‌కి మొదటి మూడు రోజుల్లో ఎవరో పాతాయన బాకీ కోసం వసూలువాళ్లు పదకొండుసార్లు చేశారు. మార్చమని అడిగి ఇంకోటి తీసుకున్నాను. ఒక వారం అలా వదిలేసి చూడండి.

రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అన్న ఆప్షన్ ఉంటే ఆపేయండి. కాల్ కలిసినా ఒకవైపే మాట వినిపిస్తోందంటే చాలాసార్లు దోషం అదే.

అకౌంటులో ఇంటర్నేషనల్ కాల్స్ మూసేయండి, ఆటో రీచార్జ్ పెట్టకండి. ఇంట్లో ఆస్టరిస్క్ నడిపి దాని నెట్‌వర్క్ పోర్ట్ బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచితే పాస్‌వర్డ్‌ల కోసం తడిమేవాళ్లు గంటల్లోనే వస్తారు, దొరికితే ఖరీదైన దేశాలకి కాల్స్ చేసి బ్యాలెన్స్ ఊడ్చేస్తారు. పదిహేను డాలర్లే ఉంటే పోయేది పదిహేనే.

911కి ఏ అడ్రసు వెళ్తుందో సరిచూసుకోవడానికి చాలా కంపెనీల్లో 933కి డయల్ చేస్తే చాలు, మీ అడ్రసు చదివి వినిపిస్తుంది. సొంత పీబీఎక్స్ ఉన్నవాళ్లు, బయటి లైన్ కోసం ముందు 9 నొక్కాలన్న సెట్టింగ్ పెట్టి ఉంటే, 911కి మాత్రం అది అడ్డురాకుండా చూడండి. టెక్సస్‌లోనే మార్షల్ ఊళ్లో 2013లో ఒక మోటెల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు 911 నొక్కుతూనే ఉంది, ముందు 9 నొక్కాలని ఆ పిల్లకి తెలియదు, కాల్ వెళ్లలేదు. ఆ ఘటన వల్లే 2018లో ఆ తల్లి పేరు మీద కారీస్ లా వచ్చింది. అది ఆఫీసులు, హోటళ్ల లాంటి చోట్లకి పెట్టిన చట్టం, అయినా ఇంటి పీబీఎక్స్‌లో అదే తప్పు చేయడానికి రెండు నిమిషాలు చాలు.

కరెంటు పోతే మోడెమ్, రౌటర్, బాక్స్ మూడూ ఆరిపోతాయి, ఫోన్ కూడా. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లున్నాయి. చిన్న యూపీఎస్ ఒకటి ఈ మూడింటికీ పెడితే కొద్ది గంటలైనా నిలుస్తుంది, అంతకుమించి ఆశించకండి. ఆ సంగతి నాన్నకి చెప్పి, లైట్లు పోతే గోడ ఫోన్ కాదు, సెల్ తియ్యి అని ఫోన్ పక్కనే కాగితం అంటించాను.

పాత నంబర్ పోర్ట్ చేసుకునేవాళ్లకి ఒక్క మాట: కొత్త కంపెనీలో నంబర్ మోగేదాకా పాత కంపెనీకి ఫోన్ చేసి క్యాన్సిల్ చేయమని చెప్పకండి. చెప్తే నంబర్ చచ్చిపోతుంది, చచ్చిన నంబర్‌ని పోర్ట్ చేయలేరు. పాత బిల్లు పేజీ పీడీఎఫ్ తీసి పెట్టుకోండి, అందులో పేరు, అడ్రసు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఫారంలో రాయండి, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా. నాది ఒకసారి వెనక్కి వచ్చింది, కారణం నేను ఇంటిపేరు ముందు రాయడమే.